సముద్రపు ఊళ్ళో పాత తరహా పోస్టర్లు, ప్రింట్లు: ఎంచుకోవడం, పరీక్షించడం, పటం కట్టించడం, దాచుకోవడం

పాత సినిమా పోస్టర్లను, క్యాలెండర్ బొమ్మలను, ఆ తరహాలో ఈనాటి చిత్రకారులు వేస్తున్న కొత్త ప్రింట్లను సేకరించాలనుకునే విశాఖ పాఠకులు తరచుగా రెండు ప్రశ్నలు అడుగుతున్నారు. ఏది అసలైనదో ఎలా తెలుసుకోవాలన్నది మొదటిది. కొన్న ఏడాదికే కాగితం అలలు తేలి మచ్చలు ఎందుకు పడుతోందన్నది రెండవది. చాలామంది ముందు బొమ్మ కొంటారు, తరువాత పటం గురించి ఆలోచిస్తారు, గోడ సంగతి చివరికి గాని గుర్తుకు రాదు. ఉప్పుగాలి వీచే ఈ ఊళ్ళో ఈ వరుస తలకిందులు కావాలి.

1. ముందు గోడను పరీక్షించండి

బొమ్మ తగిలించదలచిన గోడ ఇంటి లోపలి గోడ అయితే మంచిది. సముద్రం వైపు ఉన్న బయటి గోడ, స్నానాలగదిని ఆనుకున్న గోడ, పైన నీళ్ళ ట్యాంకు ఉన్న గోడ పనికిరావు. ఇవి పైకి పొడిగా కనిపించినా లోపల తేమను పట్టి ఉంచుతాయి.

పరీక్ష సులువు. అడుగు చదరం పాలిథిన్ కాగితాన్ని గోడకు పరచి, నాలుగు అంచులనూ గాలి చొరబడకుండా టేపుతో అంటించి రెండు రోజులు వదిలేయండి. గోడ వైపు నీటి ఆవిరి పట్టినా, అక్కడ సున్నం రంగు మారినా ఆ గోడకు కాగితాన్ని తగిలించకూడదు. ఈ పరీక్షను వేసవిలో చేసి నిశ్చింతగా ఉండవద్దు, వానలు పడుతున్నప్పుడు మరొకసారి చేయండి.

తరువాత వెలుతురు చూసుకోవాలి. తూర్పు కిటికీ నుంచి ఉదయపు ఎండ నేరుగా పడే చోట ఎంత ఖరీదైన సిరా అయినా వెలిసిపోతుంది. ముందుగా పోయేవి ఎరుపు, పసుపు రంగులు. నీలం మిగిలిపోవడం వల్లనే హోటళ్ళ గోడల మీది పాత బొమ్మలన్నీ నీలంగా కనిపిస్తుంటాయి.

ఒక చిన్న తేమమాపకాన్ని కొని ఆ గదిలో పెట్టి, తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి అంకె రాసుకోండి. కాగితానికి 45 నుంచి 55 శాతం తేమ హాయిగా ఉంటుంది, 65 దాటితే బూజుకు అనుకూలం. విశాఖలో ఏసీ లేకుండా 55 శాతం కోరడం అత్యాశ. సంవత్సరంలో ఎక్కువ రోజులు 65 లోపు ఉంచగలిగితే చాలు.

2. మూడు రకాలను కలగాపులగం చేయకండి

మొదటిది ఆ కాలంలోనే అచ్చయిన అసలు కాగితం. రెండవది పాత బొమ్మను స్కాన్ చేసి ఇప్పుడు అచ్చువేసిన పునర్ముద్రణ. మూడవది పాత రంగులు, పాత అక్షరాల తీరు తీసుకొని ఈనాటి చిత్రకారుడు కొత్తగా వేసిన బొమ్మ. మూడూ కొనదగినవే, కానీ ఒకదాని ధర పెట్టి మరొకటి తెచ్చుకోకూడదు.

కొత్తగా మొదలుపెట్టేవారు మూడవ రకంతో ప్రారంభించడం మేలని నా అభిప్రాయం. వేసినవారు బతికే ఉంటారు, ఏ కాగితమో ఏ సిరానో అడిగి తెలుసుకోవచ్చు, నకిలీ భయం తక్కువ. పాత సినిమా కాగితం మీద మోజుతో నేరుగా మొదటి రకంలోకి దిగినవారు తొలి ఏడాది ఎక్కువగా పునర్ముద్రణలనే కొని తెచ్చుకుంటారు.

3. ఒక దారి పట్టండి

నచ్చినదల్లా కొంటే రెండేళ్ళలో అది గుట్ట అవుతుంది. ఒక కాలం, ఒక చిత్రకారుడు, ఒక విషయం లేదా ఒక ముద్రణ పద్ధతి, ఏదో ఒక హద్దు గీసుకోండి. ఉత్తరాంధ్ర వారికి చేతికందే దారి ఒకటుంది. శ్రీకాకుళంలో పుట్టి అనకాపల్లి పక్కన కశింకోటలో నివసించిన వడ్డాది పాపయ్య (1921–1992) పత్రికలకు వేసిన ముఖచిత్రాలు అసలు సంచికల రూపంలోనే పాత పుస్తకాల వాళ్ళ దగ్గర ఇప్పటికీ దొరుకుతుంటాయి. చోటు తక్కువున్నవారికి అగ్గిపెట్టె లేబుళ్ళు, సినిమాహాలు గేటు దగ్గర అమ్మిన పాటల పుస్తకాలు సరిపోతాయి.

పెద్ద సినిమా పోస్టర్లకు చోటు ముందే కొలుచుకోవాలి. సింగిల్ షీట్ సుమారు 30×40 అంగుళాలు ఉంటుంది. పటం, మౌంట్ (బొమ్మ చుట్టూ అంచుగా పెట్టే అట్ట) కలిపితే అది మంచం తలాపి గోడంత అవుతుంది. సిక్స్ షీట్ పోస్టర్ ముక్కలుగా అచ్చయి, గోడ మీద అంటించినప్పుడే ఒక బొమ్మ అవుతుంది. కొనేటప్పుడు అన్ని ముక్కలూ నేల మీద పరచి సరిచూసుకోకపోతే కథానాయకుడి సగం ముఖం ఇంటికి వస్తుంది.

4. ఎక్కడ వెతకాలి

మూతపడిన సినిమాహాళ్ళ సామాను గదులు, ఒకప్పటి పంపిణీదారుల కుటుంబాలు, పాత కాగితాలు తూచి కొనే దుకాణాలు మొదటి రకానికి మూలాలు. విశాఖ ఒక్కటే చూస్తే చాలదు, విజయనగరం, శ్రీకాకుళం, చిన్న పట్టణాల హాళ్ళలోనే కట్టలు మిగిలి ఉండే అవకాశం ఎక్కువ. కొత్త ప్రింట్ల కోసం ఆంధ్ర విశ్వవిద్యాలయం లలితకళల విభాగం విద్యార్థుల ప్రదర్శనలు చూడండి, చిత్రకారులతో నేరుగా మాట్లాడండి.

ఆన్‌లైన్లో కొనే పక్షంలో ముందు బొమ్మ వెనుక వైపు, నాలుగు మూలలు, అడుగు అంచు ఫొటోలు అడగాలి. అవి పంపని అమ్మకందారుతో బేరం అక్కడే ఆపేయండి.

5. కాలాన్ని, అసలుతనాన్ని పరీక్షించడం

ఈ మార్గదర్శిలో ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన భాగం ఇదే. పదింతలు పెద్దగా చూపే భూతద్దం, చిన్న అతినీలలోహిత టార్చి, టేపుకొలత వెంట ఉంచుకోండి.

మొదట మడతలు చూడాలి. పాత సినిమా పోస్టర్లను ప్రెస్సు నుంచి హాళ్ళకు మడతపెట్టి పంపేవారు, కాబట్టి అసలు కాగితం మీద మడత గీతలు ఉండడం సహజం. బొమ్మ మీద కనిపిస్తున్న మడత గీత మీద వేలి కొనను నెమ్మదిగా జరపండి. నిజమైన మడత అయితే వేలికి గరుకు తగులుతుంది, అక్కడ సిరా పొర చిట్లి లోపలి తెల్ల కాగితం సన్నగా బయటపడుతుంది, వెనక్కి తిప్పితే అదే చోట గీత ఉంటుంది. కంటికి మడత కనిపిస్తూ వేలికి నున్నగా తగిలితే, పాత పోస్టరును స్కాన్ చేసినప్పుడు దాని మడతలు కూడా అచ్చయ్యాయని అర్థం.

తరువాత భూతద్దం. ఆఫ్‌సెట్ ముద్రణలో రంగులు చిన్న చుక్కలుగా, పువ్వు రేకుల్లాంటి వరుసల్లో కనిపిస్తాయి. రాతి పలక మీద బొమ్మ గీసి అచ్చువేసే లితోలో చుక్కల వరుస ఉండదు, మైనపు బలపంతో రాసినట్టు క్రమం లేని గరుకుదనం ఉంటుంది. ఇంక్‌జెట్ ప్రింటులో చిమ్మినట్టు చెల్లాచెదురు తుంపరలుంటాయి. పాత లితో అని చెప్పి అమ్ముతున్న కాగితం మీద తుంపరలు కనిపిస్తే ఇక చూడవలసింది లేదు. చుక్కల మీద మరో చుక్కల వల పడి అలల్లాంటి చారలు కనిపిస్తే అది అచ్చును చూసి వేసిన అచ్చు.

1894లో మొదలైన రవివర్మ ప్రెస్సు దేవతల బొమ్మలుగా చెలామణీ అయ్యే వాటికీ ఇదే పరీక్ష వర్తిస్తుంది.

అక్షరాలు చాలా సంగతులు చెబుతాయి. పాత పోస్టర్ల మీద సినిమా పేరు చేత్తో రాసినది. అందులో రెండుసార్లు వచ్చిన అక్షరాన్ని, ఉదాహరణకు ఒక ‘మ’ను, మరో ‘మ’తో పోల్చండి. చేతిరాతలో రెండూ కవలల్లా ఉంటాయి గాని ఒకటే కావు, తలకట్టు వంపులో, కొమ్ము మందంలో తేడా ఉంటుంది. అచ్చుగుద్దినట్టు ఒకటేగా ఉంటే అవి కంప్యూటర్ అక్షరాలు కావచ్చు.

ఇక అడుగు అంచున సన్నని అక్షరాల్లో ఉండే ప్రెస్సు పేరు, చిరునామా, ఎక్కడైనా ధర ఉంటే ధర. వీటితో కాలాన్ని ఇలా బిగించవచ్చు:

- ధర అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందుదై ఉండే అవకాశం ఎక్కువ, నయాపైసల్లో ఉంటే 1957–64 మధ్యదై ఉండవచ్చు.
- ఆరంకెల పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది. ‘600017’ అని ఉంటే కాగితం అంతకు ముందుది కాదు. ‘మద్రాసు–17’ అని ఉన్నంత మాత్రాన తప్పనిసరిగా ముందుదని కూడా కాదు, ఆ అలవాటు తరువాత కూడా కొనసాగింది.
- ‘యు/ఎ’ సెన్సార్ గుర్తు 1983 తరువాతిది.
- ‘చెన్నై’ అని ప్రెస్సు చిరునామా ఉంటే సాధారణంగా 1996 తరువాతిది.
- ‘₹’ గుర్తు 2010లో వచ్చింది.

ఈ గుర్తులు ‘ఇంతకంటే పాతది కాదు’ అని మాత్రమే గట్టిగా చెప్పగలవు. పేరున్న సినిమాలు మళ్ళీ మళ్ళీ విడుదలయ్యేవి, ప్రతి విడుదలకూ కొత్త పోస్టర్లు వేసేవారు. కాబట్టి 1950ల సినిమాకు 1980ల పోస్టరు నకిలీ ఏమీ కాదు, అది రెండో విడుదల కాగితం, దాని ధర వేరు.

బొమ్మలోని వస్తువులనూ తేదీతో సరిచూడండి. 1969లో నౌకాదళంలో చేరిన కురుసుర జలాంతర్గామి బీచ్‌రోడ్డు ఒడ్డున ప్రదర్శనశాలగా నిలిచింది 2002లో. బీచ్ ఒడ్డున కురుసురను చూపిస్తూ ‘1965 నాటి పర్యాటక పోస్టర్’ అని ఎవరైనా అమ్మజూపితే అది రెట్రో శైలిలో వేసిన కొత్త బొమ్మ. ఇష్టమైతే కొత్త బొమ్మ ధరకే తీసుకోండి.

చివరిగా చీకటి గదిలో అతినీలలోహిత టార్చి వేసి చూడండి. కాగితాన్ని తెల్లగా చూపే రసాయనాలు 1950ల నుంచి వాడుకలోకి వచ్చాయి. అంతకు పూర్వపుదని చెప్పే కాగితం ప్రకాశవంతమైన నీలంగా మెరిస్తే అనుమానించాలి.

“బాబూ, ఇది మా నాన్నగారి కాలం నాటిదండి” అని అమ్మేవారు చెప్పే మాట అబద్ధమే కానక్కరలేదు. తాను నమ్మినదే చెబుతూ ఉండవచ్చు. మర్యాదగా విని, పరీక్ష మాత్రం మానవద్దు.

6. కొత్త ప్రింటు కొనేటప్పుడు అడగవలసినవి

- సిరా పిగ్మెంటా (కరగని రంగు పొడిది), డై రకమా (కరిగిన రంగుది)? డై సిరా తొందరగా వెలుస్తుంది.
- కాగితం పత్తి గుజ్జుదా, ఆమ్లం లేనిదా, ఎన్ని జీఎస్ఎం (చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల బరువు)? జెరాక్స్ షాపులో దొరికే నిగనిగలాడే ఆర్ట్ పేపరు గోడకు నాలుగు రోజుల ముచ్చటే.
- పరిమిత సంచికా? ‘12/50’ అని పెన్సిలుతో రాసి ఉంటే మొత్తం 50 ప్రతుల్లో ఇది 12వది. వేరే కొలతల్లో మరో 50 వేస్తారా అన్నది కూడా అడగండి.
- స్క్రీన్ ప్రింటు అయితే ఎన్ని రంగులు? ప్రతి రంగుకూ వేరే తెర ఉంటుంది, ధరలో తేడా అక్కడినుంచే వస్తుంది.

సొంతంగా ప్రింటు వేయించుకునేవారు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. ఏ3 పరిమాణానికి అంగుళానికి 300 చుక్కల చొప్పున 3508×4961 పిక్సెళ్ళు కావాలి. ఫోనులో దించుకున్న 1000 పిక్సెళ్ళ బొమ్మ ఆ నాణ్యతతో ఎనిమిదిన్నర సెంటీమీటర్లకు మించి సాగదు.

హక్కుల సంగతి: మన చట్టంలో చిత్రకారుడి హక్కు జీవితకాలం, ఆపైన, మరణించిన తరువాతి సంవత్సరం నుంచి లెక్కించి 60 ఏళ్ళు. 1906లో మరణించిన రవివర్మ బొమ్మలను ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. వడ్డాది పాపయ్య బొమ్మలకు ఆ గడువు ఇంకా తీరలేదు. అనుమతి లేకుండా అచ్చువేసి అమ్మే ప్రతులను కొనకపోవడమే మంచిది, అవి ముద్రణలోనూ నాసిరకంగా ఉంటాయి.

7. ఇంటికి తెచ్చిన తొలి రోజులు

గొట్టంలో వచ్చిన ప్రింటును వెంటనే బలంగా లాగి విప్పవద్దు. చేతులు కడిగి బాగా ఆరాక, శుభ్రమైన బల్ల మీద నెమ్మదిగా పరచి, పైన ఆమ్లం లేని పలుచని కాగితం, దాని మీద సమానంగా పుస్తకాల బరువు పెట్టి ఉంచండి. ఎదురు దిశలో చుట్టి తిన్నగా చేయాలని చూస్తే సిరా చిట్లుతుంది.

పాత కాగితాలను తిన్నగా మీ సేకరణలో కలపకండి. చెదల మట్టి, సిల్వర్ ఫిష్ పురుగులు వాటితోపాటు రావచ్చు. విడి సంచిలో రెండు వారాలుంచి, కింద పొడి రాలుతోందేమో గమనించండి. అనుమానం ఉంటే చిన్న కాగితాలను గాలి చొరబడని పాలిథిన్ సంచిలో మూసి డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచి, బయటకు తీశాక పూర్తిగా గది వేడికి వచ్చేదాకా సంచి విప్పకండి.

8. పటం కట్టించడం

పటాలు కట్టే దుకాణానికి బొమ్మ ఇచ్చి వచ్చేస్తే అలవాటు ప్రకారం జరిగే పని ఇది: హార్డ్‌బోర్డు మీద ఫెవికాల్ రాసి బొమ్మను అంటిస్తారు, పైన నేరుగా అద్దం పెడతారు, వెనుక ఇనుప మేకులు కొట్టి గోధుమరంగు టేపు వేస్తారు. దేవుడి పటానికి ఇది చాలు. సేకరణ కాగితానికి ఇందులో ప్రతి అంచెలోనూ చేటు ఉంది. పని చేసేవారిని తప్పుపట్టనక్కరలేదు, కావలసినదేమిటో ముందుగా రాసి ఇస్తే చాలామంది శ్రద్ధగానే చేస్తారు. ఇలా రాసి ఇవ్వండి:

- బొమ్మ వెనుక, ముందు ఆమ్లం లేని మౌంట్ బోర్డు. బోర్డు మీరే కొని ఇవ్వండి.
- బొమ్మకు, అద్దానికి మధ్య మౌంట్ లేదా స్పేసరు (ఎడం కోసం పెట్టే సన్నని పట్టీ) వల్ల కనీసం 3 మిల్లీమీటర్ల ఖాళీ. తేమలో అద్దానికి ఆనిన సిరా దానికే అంటుకుపోతుంది.
- అద్దం బదులు వీలైతే అతినీలలోహిత కిరణాలను ఆపే అక్రిలిక్ పలక. పెద్ద పోస్టరుకు బరువు కూడా తగ్గుతుంది.
- వెనుక స్క్రూలు, కొక్కేలు ఇత్తడివి లేదా స్టెయిన్‌లెస్ స్టీలువి. ఈ ఊళ్ళో ఇనుప మేకు తుప్పు బోర్డు దాటి కాగితానికి పాకుతుంది.
- అడుగు మూలల్లో రబ్బరు బుడిపెలు, గోడకు పటానికి మధ్య గాలి ఆడేందుకు.

బొమ్మను బోర్డుకు పట్టించే పద్ధతిని ప్రత్యేకంగా చెప్పాలి. కాగితం తేమకు సాగుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. నాలుగు వైపులా అంటిస్తే దానికి కదిలే చోటు లేక అలలు లేస్తాయి. పై అంచున మాత్రమే రెండు చిన్న జపాను కాగితపు ముక్కలను బొమ్మ వెనుక అంటించి వేలాడదీయాలి, మిగిలిన మూడు వైపులూ స్వేచ్ఛగా వదలాలి. జిగురు శుద్ధిచేసిన గోధుమ గంజిది కావాలి. వాల్‌పోస్టర్లు అంటించే మైదా జిగురు పనికిరాదు, అందులోని మాంసకృత్తులు పసుపెక్కి పురుగులను పిలుస్తాయి.

పాత కాగితం మీద గంజి పట్టే ముందు ఒక మూల తడి పత్తి కొనతో సిరా వస్తోందేమో చూడండి. వస్తుంటే తడి జిగురు మాని, మూలలను పట్టి ఉంచే కాగితపు తొడుగులు వాడండి. పెన్సిలు సంతకం ఉన్న అంచును మౌంట్ కింద దాచవద్దని, అంచులు కత్తిరించవద్దని కూడా ఆ చీటీలోనే రాయండి.

లామినేషన్ చేయించవద్దు. ఒకసారి వేడితో అంటుకున్న ప్లాస్టిక్ పొరను తిరిగి తీయలేరు.

9. పటం కట్టని కాగితాలు దాచడం

మడతలు విప్పి, పాలియెస్టర్ తొడుగుల్లో, ఒక్కొక్కటిగా, పడుకోబెట్టి దాచాలి. వాసన కొట్టే పీవీసీ కవర్లు సిరాను పీల్చుకుంటాయి. చుట్టి దాచక తప్పకపోతే కనీసం 3 అంగుళాల వ్యాసమున్న గొట్టం తీసుకోండి.

కాగితాలు దాచే డ్రాయరును నేలకు ఒక అడుగు ఎత్తులో, గోడకు నాలుగు వేళ్ళ ఎడంలో పెట్టండి. లోపల తేమను పీల్చే సిలికా జెల్ సంచులు వేసి, గింజల నారింజ రంగు ఆకుపచ్చగా మారినప్పుడల్లా 110–120 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టి తిరిగి పెట్టవచ్చు. నీలం రకంలో కోబాల్టు లవణం ఉంటుంది కనుక పిల్లలున్న ఇంట్లో వద్దు. కలరా ఉండలను తొడుగులకు, సిరాకు తగలకుండా గుడ్డ సంచిలో మూలన ఉంచండి. వేపాకు పెట్టాలనుకుంటే బాగా ఎండినదే పెట్టండి, పచ్చి ఆకు తేమను తెస్తుంది.

ఏసీని రాత్రి వేసి పగలంతా ఆపేసే గదిలో కాగితం రోజూ ముడుచుకొని సాగుతుంది. దానికంటే ఏసీ లేని, గాలి ఆడే లోపలి గది నయం.

10. తరచుగా వచ్చే ఇబ్బందులు, చేయవలసిన పని

పటంలో అలలు లేచాయి: వెనుక విప్పి, అంటించిన వైపులు ఎన్నో చూసి, పై అంచు తప్ప మిగిలినవి విడిపించండి. ఇస్త్రీ పెట్టెను దగ్గరకు రానివ్వవద్దు.

బూజు కనిపించింది: తడిగా ఉన్నప్పుడు తుడిస్తే మరక లోపలికి దిగుతుంది. ఆ కాగితాన్ని వేరుచేసి, నీడలో ఆరనిచ్చి, బూజు పొడిబారాక ముక్కుకు మాస్కు కట్టుకొని ఆరుబయట మెత్తని కుంచెతో దులపండి. ఎండలో పెట్టి ఆరబెట్టే పాత అలవాటు రంగుకు ముప్పు.

సెల్లోటేపు అంటించి ఉంది: పసుపెక్కిన టేపును గోటితో లాగవద్దు. టేపు పొర దానంతటదే ఊడుతుంటే ఊడనివ్వండి, జిగురు మరకను వదిలేయండి.

అద్దానికి అంటుకుపోయింది: అద్దంతో సహా ఉంచి, అలాగే స్కాన్ చేయించుకొని, సంరక్షణ నిపుణులను అడగండి. లక్నో, ఢిల్లీ, బెంగళూరు వంటి నగరాల్లో వారసత్వ సంపదను కాపాడే ఇంటాక్ సంస్థ నడిపే సంరక్షణ కేంద్రాలు వ్యక్తుల వస్తువులను కూడా చూస్తాయి.

11. పట్టిక, తుపాను రోజులు

ప్రతి కాగితానికీ ఒక సంఖ్య ఇచ్చి, కొలతలు, ముద్రణ పద్ధతి, ప్రెస్సు పేరు, ఎవరి దగ్గర ఎంతకు కొన్నారు, అప్పటికే ఉన్న చిరుగులు ఏవి అన్నది రాసి ఉంచండి, ముందు వెనుకల ఫొటోలు తీయండి. సంఖ్యను కాగితం మీద రాయవలసి వస్తే వెనుక మూలన మెత్తని పెన్సిలుతోనే రాయాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు అద్దాలు పగిలిన కిటికీల గుండా వాన గదుల మధ్యకు కొట్టింది. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు కింది పనులు చేయండి:

- కిటికీ ఎదుటి గోడ మీది పటాలను దించి, ఇంటి మధ్య గదిలో మంచం మీద బొమ్మ వైపు పైకి ఉండేలా ఉంచడం.
- డ్రాయరును మందపాటి పాలిథిన్‌తో కప్పడం, తుపాను దాటిన రోజే ఆ కప్పు తీసేయడం.
- శుభ్రమైన పాత నూలు చీరలు, సిరా అద్దుకునే కాగితం, ఖాళీ ఫ్రీజర్ సంచులు సిద్ధంగా పెట్టుకోవడం.

తడిసిన కాగితాలు ఒకదానికొకటి అంటుకుంటే విడదీయడానికి ప్రయత్నించకండి. కట్టను అలాగే సంచిలో పెట్టి, కరెంటు ఉంటే ఫ్రీజర్‌లో ఉంచితే బూజు ఆగుతుంది, తరువాత తీరికగా విడదీయవచ్చు. కరెంటు లేకపోతే, విడిగా తడిసిన వాటిని అద్దుడు కాగితం మీద పరచి, గంటకొకసారి ఆ కాగితం మారుస్తూ ఆరబెట్టాలి.